విన్నో అంటే చెరగడమా, తూర్పారబట్టడమా

శనివారం, ఆఫీసు లేదు గానీ మెయిల్ వచ్చింది. ఉద్యోగానికి వచ్చిన 42 రెజ్యూమెలని సోమవారంకల్లా 8కి 'విన్నో డౌన్' చేయమని. ఆ ఇంగ్లీషు క్రియని (winnow) ఎప్పుడో చదివాను గానీ ఒకరు నాకు రాయడం ఇదే మొదటిసారి. డిక్షనరీలో మొదటి అర్థం ధాన్యంలోంచి గాలితో పొట్టు వేరు చేయడం, ఆ తర్వాతే ఎక్కువమందిలోంచి కొందరిని మిగల్చడం. 'విన్నో అవుట్' అంటే పనికిరానివి తీసేయడం. మాట పుట్టిందే గాలి అనే అర్థమున్న 'విండ్' లోంచి.

అమ్మ మదనపల్లె నుంచి వచ్చి వారమైంది, బెంగళూరు మారతహళ్ళిలో ఎక్కడ వెతుక్కుంటామని బస్సులో చాట కూడా తెచ్చుకుంది. బాల్కనీలో కూర్చుని చట్నీకి వేయించిన చెనిక్కాయ గింజల్ని అరచేతులతో నలిపి చెరుగుతోంది. చాటని కాస్త ముందుకు వంచి మణికట్టుతో ఎగరేస్తే గింజలు మళ్ళీ చాటలోకే వచ్చి పడుతున్నాయి, ఎర్రటి పొట్టు మాత్రం అంచు దాటి రాలిపోతోంది.

"అమ్మా, చెరగడం, తూర్పారబట్టడం ఒకటేనా?"

"ఒకటెట్లవుతాయి? చెరిగేదానికి గాలెందుకు, చెయ్యే గాలి. తూర్పారబట్టాలంటే కళ్ళంలో నిలబడి గాలి కోసం కాసుకోవాల. గాలి తిరగలేదంటే ఆ పొద్దంతా ఊరికే కూచునేదే."

అంటే విన్నోకి అసలు జోడీ తూర్పారబట్టడమే. కానీ "రెజ్యూమెలు తూర్పారబట్టాను" అంటే అందరినీ ఎడాపెడా తిట్టిపోశాననుకుంటారు, మన పేపర్లలో ప్రతిపక్షం ప్రభుత్వాన్ని రోజూ చేసేది అదే కదా. బియ్యం గాలించడమూ జల్లెడ పట్టడమూ పోలీసుల వెతుకులాటలోకి వెళ్ళిపోయాయి. ఎంపికకి మనకి మిగిలింది వడపోత, దరఖాస్తుల వడపోత అంటాం. ఇంగ్లీషువాళ్ళు కళ్ళంలోంచి తెచ్చుకున్న అర్థాన్ని మనం గుడ్డలో పోసి వడగట్టే నీళ్ళలోంచి తెచ్చుకున్నాం. ఇది తట్టినప్పుడు ఎంత సంతోషమేసిందో, పని పక్కన పెట్టి అమ్మకి మొత్తం చెప్పాను. "వడగడితే కింద దిగేది మంచిది, చెరిగితే చాటలో నిలిచేది మంచిది" అని అమ్మ పొట్టులో పడిన నాలుగు బద్దలు ఏరి నోట్లో వేసుకుంది.

మధ్యాహ్నం నుంచి చదువుతూనే ఉన్నాను. రాత్రికి 11 రెజ్యూమెల దగ్గర ఆగిపోయాను. పొట్టయితే తేలిగ్గా ఉంటుంది కాబట్టి దానంతటదే ఎగిరిపోతుంది, ఈ పదకొండులో తేలికైనది ఒక్కటీ లేదు. ఒకాయన మూడేళ్ళు నాన్నగారి వైద్యం కోసం ఉద్యోగం మానేశానని ఒక్క లైనులో రాశాడు, ఆ ఖాళీని చూసి తీసేయడానికి నాకు చేయి రాలేదు. పదకొండు మందినీ పిలుద్దామని ఇప్పుడే మెయిల్ పెట్టాను.