పొలమారిందనుకున్నాం

మాది అనంతపురం దగ్గర పల్లె. శెనక్కాయ పీకిన రోజులు. ఇంటి ముందర పట్టలు పరిచి కాయలు ఆరబోసుకున్నాం. మా అత్తమ్మ కూర్చుని ఒలుస్తుంటే, 19 నెలల మావాడు ఆమె ఒళ్లోంచి గింజలు ఏరుకుని నోట్లో వేసుకుంటున్నాడు. వాళ్ల నాన్న ఏదో ఆట పట్టించాడు. పకపకా నవ్వుతున్నవాడు ఒక్కసారిగా దగ్గు అందుకున్నాడు. మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు. అత్తమ్మ మాడు మీద తట్టి, "ఏం కాలేదులేమ్మా, పొలమారింది. ఎవరో తల్చుకుంటాండారు" అంది. రెండు నిమిషాలకు దగ్గు ఆగింది, వాడు మళ్లీ ఆటలో పడ్డాడు. నేనూ మరిచిపోయాను.

మూడో రోజు నుంచి దగ్గు, తర్వాత జ్వరం. డాక్టరు సిరప్ రాశారు. రెండోసారి పోతే నెబులైజర్ పెట్టారు. అప్పటికి కాస్త తేలిక, తెల్లారితే మళ్లీ మామూలే. రాత్రిళ్లు నా గుండెల మీద పడుకోబెట్టుకుంటే ఊపిరి వదిలేటప్పుడు సన్నటి ఈల వినిపించేది. మా మామయ్యకు ఉబ్బసం ఉంది, వీడికీ వచ్చిందేమో అనుకున్నా.

పన్నెండో రాత్రి వాడు డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. చొక్కా ఎత్తి చూస్తే, ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఫోన్లో టైం పెట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టా: 54. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 వచ్చిందంటేనే ఎక్కువట. ఆ సంగతి తెలియకపోయినా, ఆ గుంట చూశాక ఆగబుద్ధి కాలేదు. 108కి ఫోన్ చేశాం.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ స్టెతస్కోపు కుడి పక్క, ఎడమ పక్క మార్చి మార్చి పెట్టి విన్నది. కుడి వైపు గాలి చప్పుడు బాగా తక్కువగా ఉందట. "ఈ మధ్య ఏదైనా తింటూ ఉక్కిరిబిక్కిరి అయ్యాడామ్మా?" అని అడిగింది. పన్నెండు రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. దగ్గు ఆగితే గింజ దిగిపోయినట్టే అనుకున్నా మరి.

ఎక్స్‌రేలో శెనగ్గింజ కనబడదు. కానీ ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములో కుడి ఊపిరితిత్తి ఉబ్బి నల్లగానే ఉంది. గింజ ఊపిరి గొట్టంలో ఇరుక్కుని, లోపలికి పోయిన గాలి బయటికి రావడం లేదన్నమాట. ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో బెంగళూరు పంపించారు. మత్తిచ్చి బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరి గొట్టంలోకి సన్నటి గొట్టం పంపి గింజ తీయడం, చెయ్యాలి కాబట్టి 6 గంటలు తిండి, పాలు పెట్టొద్దన్నారు. ఆపరేషన్ కంటే ఆ ఆరు గంటలే నాకు నరకం. వాడు నా కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. తర్వాత డాక్టరు చిన్న సీసా తెచ్చి చూపించారు. అందులో నానిపోయి గోధుమరంగుకు తిరిగిన అర బద్ద. దానికా ఇంత!

డిశ్చార్జి రోజు నర్సు బొమ్మ మీద చేసి చూపించింది. బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా దగ్గనివ్వాలి. గొంతు పెగలకపోతే, పెదాలు నీలంగా మారుతుంటే ఒక్క క్షణం ఆగకూడదు. ఏడాది లోపు వాళ్లనైతే ముంజేయి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని, భుజం ఎముకల మధ్య మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు. ఏడాది దాటితే ముందుకు వంచి వీపు మీద 5, ఆ తర్వాత వెనక నుంచి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చెయ్యాలి. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దంది. ఆ రోజు వాడు దగ్గుతుంటే నేను చేసింది సరిగ్గా అదే.

ఐదేళ్లు వచ్చేదాకా మావాడికి శెనక్కాయలు పొడి కొట్టే పెట్టాలి. అత్తమ్మ ఇప్పుడు కాయలు ఒలవాలంటే చాట తీసుకుని మిద్దెమీదికి పోతోంది, పోతూ పోతూ తలుపు గడియ పెట్టుకుంటోంది.