గుమ్మడికాయ పక్కన ప్రమిదలు

2024లో హాలోవీన్ (పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడిగే పండగ), దీపావళి ఒకే రోజు పడ్డాయి, అక్టోబర్ 31న. న్యూజెర్సీలో మా గుమ్మం ముందు పళ్లికిలించిన గుమ్మడికాయ, దాని పక్కనే అమ్మ పెట్టిన ప్రమిదలు. "పండగ పూట ఆ ఎముకల చొక్కా ఏంట్రా!" అని మనవడిని కసిరింది. తలుపు తట్టిన ప్రతి బుల్లి దెయ్యానికీ గుప్పెళ్లతో చాక్లెట్లు పంచింది మాత్రం తనే. ఎనిమిదింటికే బుట్ట ఖాళీ.

కాయలోంచి గీకిన గుజ్జు పారేయనివ్వలేదు. చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టింది. బొమ్మలు చెక్కే కాయలు నీళ్లోడుతుంటాయి, రుచి అంతంతే (అమ్మకి చెప్పలేదు). ఉప్పూ కారం వేసి వేయించిన గింజలు మాత్రం భలే ఉన్నాయి.

ఇక్కడ ఏటా చలికాలం ముందు చేసినట్టే, ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాం. సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకింది. అమ్మ ఇంకా వాకిట్లో ఆకులు ఊడుస్తూనే ఉంది.