కేప్‌టౌన్‌లో 109 కిలోమీటర్లు, ఒక కుషన్ కోసం

కేప్‌టౌన్‌లో సైకిల్ తొక్కేవాళ్లకి ఎత్తుల కంటే గాలి అంటేనే భయం. ఆగ్నేయం నుంచి కొట్టే ఆ గాలికి 2017లో కేప్‌టౌన్ సైకిల్ టూర్ మొత్తాన్నే రద్దు చేశారు. ఈసారి ఆ 109 కిలోమీటర్ల రైడ్‌కి నేనూ పేరిచ్చా, నంబర్ చేతికొచ్చిన దగ్గర్నుంచీ నా టెన్షన్ అంతా ఆ గాలి గురించే.

ఉద్యోగం మీద ఇక్కడికొచ్చిన నాకు రగ్బీ గురించి తెలిసింది సున్నా. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల అన్న స్కూల్ టీమ్‌లో హుకర్‌గా ఆడేవాడట. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ తలలు వంచి ఒకరినొకరు తోసుకునే గుంపులో, ముందు వరసలో మధ్య మనిషన్నమాట, చేతులు రెండూ పక్కవాళ్ల భుజాల మీద ఉంటాయి కాబట్టి స్క్రమ్ కూలితే నేలకి చెయ్యి ఆనించే వీలు కూడా ఉండదు. అలా కూలినప్పుడే మెడ విరిగింది. ఇప్పుడు మోచేతులు మడవగలడు, వేళ్లు కదలవు.

ఇలాంటి ఆటగాళ్లని చూసుకోవడానికి ఇక్కడ క్రిస్ బర్గర్ పెట్రో జాక్సన్ ప్లేయర్స్ ఫండ్ ఉంది. 1980లో వెస్టర్న్ ప్రావిన్స్ ఆటగాడు క్రిస్ బర్గర్ మ్యాచ్‌లో మెడ విరిగి చనిపోతే, కెప్టెన్ మోర్నే డు ప్లెసీ చొరవతో మొదలైంది. 2009లో బోక్‌స్మార్ట్ పేరుతో, దెబ్బలు తగలకుండా ఆడించడం మీద కోచ్‌లకీ రిఫరీలకీ శిక్షణ కూడా మొదలుపెట్టారు. మన ఊళ్లలో కబడ్డీ ఆడుతూ ఎవరికైనా ఇలా జరిగితే ఎవర్ని అడగాలో నాకైతే తట్టలేదు, చందాలు తప్ప.

ఆ చందాల పద్ధతే నేనూ పట్టుకున్నా. "నేను తొక్కుతా, తలా కొంత వేయండి, ఫండ్‌కి ఇస్తా" అని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టగానే మా బావ "మధ్యలో దిగి తోస్తే సగమే" అన్నాడు.

రైడ్‌కి ముందు, దారిలోనే ఉన్న ఫిష్ హోక్‌లో ఆ ఆఫీసావిడ అన్న ఇంటికి వెళ్లా. చక్రాల కుర్చీ గురించి చెప్తాడనుకుంటే దాంట్లో వేసుకునే కుషన్ గురించి చెప్పాడు. స్పర్శ లేనిచోట గంటల తరబడి బరువు పడితే చర్మం చచ్చి పుండవుతుంది, అది ముదిరితే నెలలపాటు మంచం దిగడానికి ఉండదు. మంచి కుషన్ ఖరీదు, పైగా అరిగిపోతుంది, మళ్లీ కొనాలి. కుర్చీ ఇచ్చేటప్పుడు అందరూ ఫొటో దిగుతారు, కుషన్‌కి ఎవరూ దిగరని నవ్వాడు. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది: మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే ఆ కింద చెమట సరిగా పట్టదు, ఎండలో ఒళ్లు కాగిపోతుంది, అందుకే పక్కన ఎప్పుడూ నీళ్ల స్ప్రే.

ఆదివారం చీకటితోనే మొదలు. వేలమందిని గుంపులు గుంపులుగా వదులుతారు. ఎడిన్‌బరో డ్రైవ్ ఎక్కాక మ్యూజెన్‌బర్గ్ దాకా బాగానే ఉంది, సముద్రం పక్కకి రాగానే గాలి ఎదురు కొట్టింది చూడండి, తొక్కుతున్నానా నిలబడ్డానా అర్థం కాలేదు. ఫిష్ హోక్‌లో చెట్టు నీడన ఆయన కుర్చీలో కనిపించాడు, చెల్లెలు ఆయన మొహానికి స్ప్రే కొట్టి, అదే బాటిల్ నా మీద కూడా తిప్పింది. "ఇంకా సగం కూడా కాలేదు, అప్పుడే ఆ మొహమేంటి?" అన్నాడాయన.

స్మిట్స్‌వింకెల్ ఎత్తు గురించి చెప్పుకోవడానికేమీ లేదు, నొప్పి తప్ప. చాప్‌మన్స్ పీక్ మాత్రం వేరు. కొండని చెక్కి వేసిన రోడ్డు, ఎడమవైపు కింద అట్లాంటిక్, ఎక్కుతున్నామని కూడా మర్చిపోతాం. ఆ సుఖమంతా హౌట్ బే దాటాక సైకర్‌బోసీ లాగేసింది. ఎనభై తొంభై కిలోమీటర్లు తొక్కిన కాళ్లకి అంత ఎత్తు పెట్టడం అన్యాయం. పైకి వచ్చాక ఇక క్యాంప్స్ బే మీదుగా గ్రీన్ పాయింట్ దాకా దాదాపు దిగుడే.

డబ్బు ఫండ్‌కి పంపేశాను. కుషన్‌కే వాడాలని నేను షరతు పెట్టలేదు, ఎవరికి ముందు ఏం కావాలో వాళ్లకి తెలుసు. సైకర్‌బోసీ మీద నేను దిగి తోస్తున్న ఫొటో ఎవరు పంపారో గానీ బావ సగమే వేశాడు. మిగతా సగం గురించి అక్కతో మాట్లాడుతున్నా.