కాజా పాదం తిప్పేదాకా

పొద్దున్న లేచి చూసేసరికి, వెనక కాళ్ళు పడిపోయిన మా కుక్క కాజా కింద పరిచిన పాత చీర తడిసి ఉంది. "హమ్మయ్య, వాడంతట వాడే పోసుకున్నాడు" అని నేనూ అమ్మా తెగ సంతోషించాం. ఫోన్‌లో డాక్టరుగారికి ఆ మాటే చెబితే ఆయన మాత్రం సంతోషించలేదు. "పొట్ట కింద, తొడలకి కొంచెం ముందు చెయ్యి పెట్టి చూడండమ్మా, గట్టిగా తగులుతోందా?" అన్నారు. చూశాను. బత్తాయికాయ పట్టుకున్నట్టు ఉంది. "అది పోసుకోవడం కాదమ్మా, పొర్లిపోవడం. ట్యాంకు నిండితే పైనుంచి కారుతుంది చూడండి, అలాగ. మూత్రం సంచి అలా నిండే ఉంటే సాగిపోతుంది, ఇన్‌ఫెక్షన్ పడుతుంది. వెంటనే తీసుకురండి" అన్నారు.

కుక్కకి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ జారిందంటే మందులూ విశ్రాంతీ గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు. ఈ మూత్రం సంగతి చెప్పినవాళ్ళు లేరు. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

మాది కాకినాడ. కాజా మా డాష్‌హౌండ్, అప్పటికి ఐదేళ్ళు. పొడుగ్గా, గుండ్రంగా, పాకం రంగులో ఉన్న పిల్లని ఈ ఊళ్ళో గొట్టం కాజా అనకుండా ఇంకేమంటారు? పదకొండున్నర కిలోలు ఉండేవాడు. వాడి ఒళ్ళుకి తొమ్మిది చాలట. మిగతా రెండున్నర కిలోలూ అమ్మ పెట్టే నెయ్యన్నానివీ, నేను చూసీ చూడనట్టు ఊరుకున్న స్వీటు ముక్కలవీ.

2024 అక్టోబరు 5, శనివారం. బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే రోజూ కాళ్ళకి చుట్టుకునేవాడు రాలేదు. బీరువా పక్కన వంగిపోయి, వీపు విల్లులా పెట్టి వణుకుతున్నాడు. ఎత్తుకోబోతే కెవ్వుమన్నాడు. ముట్టుకుంటే పొట్ట చెక్కలా బిగిసి ఉంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో కడుపునొప్పి అన్నారు, ఇంజెక్షన్ చేశారు. వాళ్ళని అనీ లాభం లేదు, నేనూ కడుపే అనుకున్నాను. వీపు నొప్పికి కుక్క పొట్ట బిగబడుతుందని తర్వాత తెలిసింది. ఆదివారం కాస్త తేలిగ్గానే ఉన్నాడు. సోమవారం నడుస్తుంటే వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి, తాగినవాడి నడకలా. మంగళవారం తెల్లారేసరికి ముందు కాళ్ళతో దేక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనక సగం నేలమీద ఈడ్చుకొస్తోంది.

ఆ రోజు తీసుకెళ్ళిన డాక్టరుగారు పెద్దాయన. కాజాని బల్లమీద నిలబెట్టి, వెనక పాదాన్ని బోర్లా మడిచి వదిలేశారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఆ క్షణమే పాదం సరిచేసుకుంటుంది. కాజా పాదం అలాగే మడతపడి ఉండిపోయింది. తన పాదం ఎలా ఉందో వాడికే తెలియడం లేదు. తర్వాత పటకారులాంటి దాంతో వేలి ఎముకని గట్టిగా నొక్కారు. వాడు వెనక్కి తిరిగి ఆయన చెయ్యి కొరకబోయాడు. నేను కంగారుపడి సారీ సార్ అంటుంటే ఆయన మొహం విప్పారింది. కాలు లాక్కోవడం ఒక్కటే అయితే లెక్కలోకి రాదట. వెన్ను తెగినా ఆ లాక్కోవడం ఉంటుంది. నొప్పి తలకి చేరి, తల తిప్పి చూడాలి. అది ఉన్నంతవరకు ఆశ ఉంది, అది పోయిందంటే గంటల లెక్క, ఆపరేషన్‌కి పరుగెత్తాల్సిందే అన్నారు.

రోగం ఏమిటో చెప్పడానికి ఆయన వాడి పేరునే వాడుకున్నారు. "డిస్క్ అంటే గొట్టం కాజాయే అనుకోండి. చుట్టూ పొరలు, లోపల పాకం. గట్టిగా కొరికితే పాకం ఎలా చిమ్ముతుంది? ఈ జాతిలో చిక్కేమిటంటే, ఏడాది నిండేసరికే లోపలి పాకం ఎండి సుద్దలా అవడం మొదలవుతుంది. ఏదో ఒక రోజు పొర చిట్లి ఆ సుద్ద పైనున్న వెన్నుపాము మీద పడుతుంది. సోఫా మీంచి దూకడం వల్లే వచ్చిందని మీరు బాధపడకండి. పుట్టుకతో వచ్చిన పొట్టి కాళ్ళతోబాటే ఇదీ వచ్చింది."

ఆపరేషన్ సంగతి దాచకుండా చెబుతాను. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనిపించదు. ఎమ్మారై తీయించి, ఎక్కడ నొక్కుకుందో చూసి, ఎముక తొలిచి ఆ సుద్ద తీసేస్తారు. దానికి హైదరాబాదో చెన్నైయో వెళ్ళాలి. ఫోన్ చేసి కనుక్కుంటే అంతా కలిపి లక్ష దాటుతుందన్నారు. నడవలేని కుక్కకి ఆపరేషనే మెరుగైన దారి, త్వరగా లేస్తుంది అని డాక్టరుగారు మొహమాటం లేకుండానే చెప్పారు. చేయించకపోయినా నొప్పి తెలుస్తోంది కాబట్టి సగానికి పైగా లేస్తాయి, కానీ మీరు కాపలా కాయగలగాలి అన్నారు. ఐదువందల కిలోమీటర్లు కారులో కుదుపుతూ తీసుకెళ్ళాలన్న భయం, డబ్బు, సెలవు, అన్నీ కలిసి ఇంటివైద్యానికే మొగ్గాం. హైదరాబాదులో ఉండి ఉంటే ఆపరేషనే చేయించేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను.

మందుల దగ్గర ఒక మెలిక వచ్చింది. మొదటి క్లినిక్ చీటీ చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. అందులో డెక్సామెథాసోన్ ఉంది, స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఒంట్లో ఉండగా మెలాక్సికాం లాంటి నొప్పిమందు వేస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుందట. అందుకని కొన్ని రోజులు ఆగి గానీ అది మొదలుపెట్టలేదు. అప్పటిదాకా నరాల నొప్పికి గాబాపెంటిన్, కండరాలు పట్టు వదలడానికి ఇంకో మాత్ర. ఎదురింటావిడ ప్రేమకొద్దీ తను వాడే డైక్లోఫెనాక్ మాత్ర సగం చేసి తెచ్చింది. చేతులెత్తి దండం పెట్టి వెనక్కి పంపాను, అది కుక్కలకి విషం. మా పెదనాన్న అయితే పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించమన్నారు. విరిగిన ఎముకకి కట్టు, జారిన డిస్క్‌కి ఎక్కడ కడతాం పెదనాన్నా అంటే, "ఏమో, నడుముకి కట్టరా?" అన్నారు.

ఇక మూత్రం. డాక్టరుగారు చూపించినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంది. వాణ్ణి నిలబెట్టి, రెండు అరచేతులూ పొట్టకి అటొకటి ఇటొకటి ఆనించి, సంచి దొరికాక వేళ్ళు పొడవకుండా అరచేతులతోనే మెల్లగా తోక వైపు నొక్కాలి. ఇంటికొచ్చాక నా చేతికి సంచి దొరకదు. దొరికితే జారిపోతుంది. నేను నొక్కితే వాడు బిగబడతాడు, వాడు బిగబడితే నేను ఇంకా నొక్కుతాను. అరగంట కుస్తీకి నాలుగు చుక్కలు. బాత్రూంలో వాడిని పట్టుకుని ఏడ్చేశాను.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఐదేళ్ళలో వాణ్ణి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, గిన్నె దూరం నుంచే జరిపేది. పేరు పెట్టి పిలిచేది కాదు, "పొట్టోడు" అనేది. కొంగు నడుముకి దోపుకుని వచ్చి కూర్చుంది. "గేదె దగ్గర కూర్చుని ఇలాగే నొక్కేస్తే ఇస్తుందా పాలు? చేపుకి రావద్దూ?" అంది. అమ్మ పెళ్ళికి ముందు అమలాపురం దగ్గర పల్లెలో రెండు పూటలా పాలు పితికిన మనిషి. వాడి పొట్టమీద చేతులు పెట్టి ఏమీ చేయకుండా ఊరికే ఉంచింది. ఏదో గొణుగుతోంది, వాడితోనో తనలో తనో తెలీదు. ఓ నిమిషానికి వాడి పొట్ట వదులైంది. అప్పుడు అరచేతులు దగ్గరికి తెచ్చింది, తెచ్చి అలాగే ఆపింది. సన్నటి ధార మొదలై లావైంది. ఆగిపోతే చేయి తీయలేదు, ఒత్తిడి తగ్గించి కాసేపు ఆగి మళ్ళీ పట్టింది. రెండో ధార వచ్చింది. చివరికి సంచి నిమ్మకాయంతై చేతికి దొరకకుండా పోయింది.

ఆ రోజు నుంచి పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదకొండు. పగటివి రెండూ అమ్మవి, మిగతావి నావి. పన్నెండో రోజున మూత్రం తెల్లగా మసగ్గా వచ్చి వాసన కొట్టింది. పరీక్ష చేయిస్తే ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ రెండు వారాలు.

వాణ్ణి తిరగనివ్వకుండా విశ్రాంతిగా ఉంచడానికి కేజ్ ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే నాలుగు రోజులు పట్టింది. ఈలోపు హాలు మూలలో ప్లైవుడ్ ముక్కా దీవాన్ పక్కా అడ్డం పెట్టి నెట్టుకొచ్చాం. వాడు నిలబడి వెనక్కి తిరగగలిగేంత చోటు, అంతకుమించి వద్దన్నారు. అడుగున పరుపు, దానిమీద రెక్సిన్, పైన అమ్మ పాత నేత చీరలు. ఒకేవైపు పడుకుంటే పుండ్లు పడతాయని నాలుగేసి గంటలకి పక్క మార్చడం. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి పిరుదుల కింద, వీపు వంగకుండా, ట్రేలో నిండు టీ కప్పులు తెస్తున్నట్టు.

తోక ముందు లేచింది. తొమ్మిదో రోజు సాయంత్రం నా స్కూటీ చప్పుడుకి చీరమీద టప్ టప్ మని కొట్టుకుంది. ఊరికే కదిలిందేమో అనుకుని మళ్ళీ బయటికెళ్ళి హారన్ కొట్టి వచ్చాను. మళ్ళీ కొట్టుకుంది. దసరా వెళ్ళి అప్పటికి రెండు రోజులు, మాకు అదే పండగ. పదిహేడో రోజుకి కుడికాలు తన్నాడు. డాక్టరుగారు సరేనన్నాక రోజుకి మూడుసార్లు కాళ్ళని సైకిల్ తొక్కినట్టు తిప్పడం, పొట్టకింద తువ్వాలు వేసి పట్టుకుని నిమిషం నిలబెట్టడం. ఇరవైనాలుగో రోజున తువ్వాలు వదులైన సంగతి నేను గమనించనే లేదు, వాడు తన బరువు తనే మోస్తున్నాడు.

అప్పుడే దీపావళి వచ్చింది. ఒక్క బాంబుకి వాడు ఎగిరి పడితే ఇన్నాళ్ళదీ పోతుంది. డాక్టరుగార్ని అడిగి ఆ రాత్రికి గాబాపెంటిన్ సమయం మార్చుకున్నాం. కిటికీలకి దుప్పట్లు కట్టి, టీవీ పెట్టి, కేజ్ పక్కనే చాప వేసుకుని పడుకున్నాం. గట్టెక్కాం అనుకుంటే మావైపు మిగిల్చిన టపాకాయలు నాగుల చవితికి కాలుస్తారుగా! ఇంకోసారి దుప్పట్లు.

ఇంత జాగ్రత్త పడి, నవంబరు 9న నేనే పాడుచేశాను. రెండో శనివారం, ఇంట్లోనే ఉన్నాను. వాడు తూలుతూనైనా నడుస్తున్నాడు, నొప్పి జాడ లేదు, కేజ్‌లోంచి చూసే చూపు తట్టుకోలేకపోయాను. పొర అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని, మాత్రలు నొప్పిని మాత్రమే దాస్తాయని చెప్పి ఉన్నారు. ఐదు నిమిషాలే కదా అని హాల్లో వదిలాను. కాలింగ్ బెల్ మోగింది. కొరియర్. వాడు మొరుగుతూ పరుగెత్తాడు, నున్నటి టైల్స్‌మీద వెనక కాళ్ళు రెండూ రెండు వైపులకి జారిపోయాయి. ఆ కెవ్వు విన్నాక కొరియర్ అబ్బాయి కూడా పార్సిల్ గుమ్మంలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

అదృష్టం, కాళ్ళు పడిపోలేదు. నొప్పి మాత్రం మొదటికొచ్చింది. మందులు మళ్ళీ, కేజ్ ఇంకో నాలుగు వారాలు. అమ్మ నన్నేమీ అనలేదు. మర్నాడు నేను నిద్ర లేచేసరికి కాలింగ్ బెల్ తీగ పీకేసి ఉంది.

డిసెంబరు 7న బయటికి తీశాం. అంతకుముందే హాలంతా కొబ్బరిపీచు పట్టాలూ పాత యోగా మ్యాట్లూ పరిచాం. చూడ్డానికి ధాన్యం ఆరబోసిన కళ్ళంలా ఉంది, చుట్టాలొస్తే నవ్వారు. మంచం తీసేసి పరుపు నేలమీదకి దించాను. మెడపట్టీ మానేసి ఛాతీకి వేసే హార్నెస్. మొదటి వారం నడక ఐదు నిమిషాలు, వారానికి ఇంకో ఐదు. అమ్మ నెయ్యన్నం మాన్పించడానికి నాకు డాక్టరుగారి సాయం కావలసివచ్చింది. సంక్రాంతికి తూస్తే తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు.

ఇప్పుడు వాకలపూడి బీచిలో తడిసి గట్టిపడిన ఇసుకమీద నడుస్తాడు. అలిసిపోతే ఎడమ వెనకపాదం కొంచెం ఈడుస్తుంది. ఆ పాదం మధ్య గోళ్ళు రెండూ మిగతావాటికంటే అరిగి ఉంటాయి. రోడ్డుమీద సర్రుమని చప్పుడొస్తే ఆ రోజుకి చాలని ఎత్తుకుని వచ్చేస్తాను.

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ వాడి పక్కన కూర్చుని ఇప్పటికీ వెనకపాదం బోర్లా మడుస్తుంది. ఎందుకమ్మా, బాగానే ఉన్నాడుగా అంటే వినదు. వాడు విసురుగా పాదం సరిచేసుకుని, పళ్ళు బయటపెట్టి గుర్రుమంటాడు. "చాల్లే కాజా, చూశాం" అని లైటు ఆర్పేస్తుంది.