స్కాండల్ ప్రకృతి, స్లాండర్ వికృతి

మన బడిలో ప్రకృతి–వికృతులు వల్లె వేయని బ్యాచ్ లేదు. స్తంభం – కంబం, విద్య – విద్దె, ఆకాశం – ఆకసం. ఆ పట్టిక చివర ఒక ఇంగ్లీషు జతను కూడా రాసుకోవచ్చు: స్కాండల్ – స్లాండర్.

రెండింటికీ మూలం గ్రీకు మాట స్కాండలాన్. బోనులో ఎర తగిలించే పుల్ల అని అర్థం. ఇంట్లో ఎలుకబోను గుర్తు తెచ్చుకోండి. లోపలి కొక్కేనికి కొబ్బరిముక్కో పకోడీయో గుచ్చుతాం. ఎలుక దాన్ని లాగగానే కొక్కెం జారుతుంది, స్ప్రింగు వదులుతుంది, తలుపు టప్పున పడుతుంది. గ్రీకులు స్కాండలాన్ అన్నది అలాంటి కొక్కేన్నే. ఎగరడం, దూకడం అనే అర్థమున్న మన స్కంద్ ధాతువుతో దీనికి చుట్టరికం కలుపుతారు భాషాశాస్త్రవేత్తలు. కుమారస్వామిని స్కందుడన్నదీ ఆ ధాతువు నుంచే. గ్రీకు బైబిల్లో ఈ మాటకు కాలికి అడ్డుపడేది, మనిషిని పడగొట్టేది అనే అర్థం వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:23లో తెలుగువాళ్లు ‘ఆటంకము’ అని చదివేది ఈ మాటనే.

లాటిన్‌లో స్కాండలుమ్ అయింది. పాత ఫ్రెంచివాళ్లకు మాట మొదట్లో ‘స్క’ నోరు తిరగదు. ముందు ఓ అచ్చు చేర్చి ఎస్కాండ్ల్ అన్నారు. నవ్వకండి, మనం ఇస్కూలు అనలేదా? తర్వాత లకారం ముందుకు జరిగి, చివర రకారం చేరి ఎస్క్లాండ్ర్ అయింది. ఇంగ్లండు చేరాక ముందున్న అచ్చు ఊడింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన రూపంలో ‘స్క్ల’ ఇంకా ఉంది. ఆ కకారం కూడా రాలిపోయాక మిగిలింది స్లాండర్. ఇప్పుడు వాడే స్కాండల్ మాత్రం 16వ శతాబ్దంలో, మూలానికి దగ్గరగా, మళ్లీ అరువు తెచ్చుకున్నది. అచ్చంగా తత్సమం.

అనువాదంలో చాలామంది తడబడేది ఇక్కడే. స్కాండల్ అంటే బయటపడ్డ బాగోతం, పేపర్లవాళ్ల కుంభకోణం. అది నిజమే కావచ్చు. స్లాండర్ మాత్రం అబద్ధమై తీరాలి. దానికి అభాండం సరైన మాట. శమంతకమణి విషయంలో కృష్ణుడి మీద పడిన నీలాపనింద ఇంకా సరిగ్గా అతుకుతుంది.

ఇంగ్లండు చట్టంలో నోటితో అంటే స్లాండర్, రాస్తే లైబెల్. లైబెల్‌కు మూలమైన లాటిన్ మాట లిబెల్లుస్‌కు అర్థం చిన్న పుస్తకం. లైబెల్‌కు ఒకప్పుడు నష్టం రుజువు చేయనక్కర్లేదు; 2013 నాటి చట్టం వచ్చాక పరువుకు తీవ్రమైన హాని జరిగిందనో, జరగవచ్చనో చూపాలి. స్లాండర్‌కు, కొన్ని మినహాయింపులు తప్ప, డబ్బు నష్టం చూపించాల్సిందే. మన శిక్షాస్మృతి ఈ తేడా పెట్టుకోలేదు. మాట, రాత, సైగ, బొమ్మ అన్నీ పరువునష్టం గురించిన పాత సెక్షన్ 499 కిందకే వచ్చేవి. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. ‘నిజమే కదా అన్నాను’ అంటే ఇక్కడ చాలదు. నిజమూ కావాలి, అది బయటపెట్టడం ప్రజల మేలుకూ అయి ఉండాలి. బ్యాచ్ గ్రూపులో టైపు చేసినా అంతే.