నాన్న టెస్టు రోజు

మళ్లీ మూడు నెలలు గడిచాయి. ఈరోజు నాన్నని ఆయన రక్త క్యాన్సర్ ఎంత అదుపులో ఉందో చూసే బీసీఆర్-ఏబీఎల్ టెస్టుకి తీసుకెళ్లాను. ఊదారంగు మూత గొట్టంలో కాస్త రక్తం తీసుకుని పంపేశారు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఏమీ మాట్లాడని మనిషి, "ఒంట్లో శుభ్రంగా ఉంది కదమ్మా, ఈ మాత్రలు ఆపేస్తే ఏమవుతుంది?" అన్నారు. ఎంత మామూలుగా అడిగారో! నాకు గుండె గుభేలుమంది.

ఈ జబ్బులో ఒంట్లో బాగుంటే సరిపోదు. సీఎంఎల్ అనే ఈ రక్త క్యాన్సర్‌లో తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కా, ఇరవై రెండో దాని ముక్కా ఒకదాని చోటికి ఒకటి వెళ్లిపోతాయి. అక్కడ బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుని, వాటి నుంచి పుట్టే ప్రోటీన్ ట్యాంకు నిండినా ఆగని మోటారులా తెల్లకణాల్ని పెంచుతూనే ఉంటుంది. ఇమాటినిబ్ మాత్ర ఆ ప్రోటీన్‌ని పనిచేయనివ్వదు. కానీ జబ్బు కణాలన్నిటినీ తుడిచిపెట్టదు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే నాన్న మామూలు రక్తపరీక్ష చక్కగా వచ్చింది, కడుపులో బరువూ తగ్గింది. అతుకు జన్యువు లెక్క మాత్రం అప్పటికింకా ఎక్కువే. అది మూడు నెలలకి 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. నాన్నది పోయినసారి 0.06.

1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ జబ్బులో పొట్టిగా మారిన క్రోమోజోమ్‌ని చూశారు. ముక్కలు చోటు మారాయని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. అసలు బ్రాండు నెలకి లక్ష రూపాయలు దాటేది. 2003లో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ తక్కువ ధరకి తెచ్చింది, 2013లో సుప్రీంకోర్టు అసలు కంపెనీకి పేటెంట్ ఇవ్వనక్కర్లేదంది. మా ఇంటికి ఆ తీర్పు ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను.

ల్యాబ్ దగ్గర నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన కలిశారు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారట, టెస్టు మాత్రం చాలాకాలంగా చేయించలేదట. మాత్రలకంటే టెస్టుకే ఎక్కువ అవుతోందన్నారు. నన్ను బాధపెట్టేది ఇదే. లెక్క చూడకపోతే మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఏబీఎల్ భాగంలో టీ315ఐ అనే జన్యు మార్పు లాంటిది వస్తే ఇమాటినిబ్ ఇక అక్కడ పట్టుకోలేదు, మందు మార్చాలి. మందు పట్టు తప్పుతోందని ముందుగా హెచ్చరించేది ఈ టెస్టే. మాత్ర చవకైనట్టే టెస్టు కూడా చవక కావాలి, ప్రతి జిల్లా ఆసుపత్రికీ రావాలి.

రాత్రి భోజనాలయ్యాక నాన్నతో కూర్చున్నాను. ఆపడం అసలు కుదరనిదేం కాదని చెప్పాను. కొన్నేళ్లపాటు లెక్క బాగా కిందికి దిగి అక్కడే నిలబడితే, కొందరికి డాక్టర్లే ఆపి, మొదట్లో నెలనెలా టెస్టు చేసి చూస్తారు. అలా ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ మందు అవసరం పడట్లేదు. మిగతావాళ్లకి లెక్క పెరగ్గానే తిరిగి మొదలుపెడతారు.

"అయితే మనమూ అడుగుదాం" అన్నారు నాన్న. "అడుగుదాం నాన్నా, అప్పటిదాకా ఒక్క పూట కూడా మానొద్దు" అన్నాను. సరేనన్నారు. రిపోర్టు రాగానే డాక్టరుగారిని అడగాల్సినవి ఫైలు మీద రాసి పెట్టాను: లెక్క 0.01 కిందికి దిగిందా, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడానికి ఏం చేయాలి, ఆపడం గురించి ఎప్పుడు ఆలోచించొచ్చు.