ఆల్చిప్ప పొడి, షాంపూ డబ్బాల ప్లాస్టిక్: పలకలు ఎంతవరకు వచ్చాయంటే

పాత ప్లాస్టిక్ డబ్బాలు కరిగించి, అందులో డిప్పల పొడి కలిపి ఇంట్లోనే పలకలు చేస్తున్నాను. ఆ పొడికి పీత డిప్పలు, ఆల్చిప్పలు రెండూ చేసి చూశాక ఆల్చిప్పలకే ఫిక్స్ అయిపోయాను. అందులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, వెనకటికి గుల్ల సున్నం కాల్చింది ఇలాంటి వాటితోనే కదా, అది సున్నం అవ్వాలంటే 800 డిగ్రీలు దాటాలి కాబట్టి మన చిన్న ఓవెన్‌లో 180కి దానికి ఏటీ అవ్వదు. పీత, రొయ్య డిప్పల్లో కైటిన్ (డిప్పకి గట్టిదనం ఇచ్చే పదార్థం), ప్రోటీన్ కూడా ఉంటాయి, ఎంత కడిగినా వేడెక్కాక ఒకటే నీచు, పక్కింటి పిన్ని గోడ మీంచి "ఏటి బాబూ వండుతున్నావు" అంది. కాస్టిక్ సోడాలో నానబెడితే ప్రోటీన్ పోతుంది, ఇంట్లో పిల్లలున్నారు గనక నేను దాని జోలికి పోను. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు పీతలు పెద్దగా రావు, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట ఖాళీ గుల్లలు ఏరుకోడానికి ఆ గొడవ లేదు.

ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 2 ఉన్న షాంపూ, ఫినాయిల్ డబ్బాలే, ఆ అంకె ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుంది. నీళ్లలో తేలితే చాలు అనుకోకండి, 5 అంకె ఉన్న రకం కూడా తేలుతుంది, 2 ఏమో 130 దగ్గర కరుగుతుంది 5కి 160 దాటాలి, రెండూ కలిస్తే గడ్డలు గడ్డలే. 3 అంటే పీవీసీ, దాన్ని అస్సలు వేడి చెయ్యొద్దు, యాసిడ్ గ్యాస్ వస్తుంది.

అసలు పనంతా పొడిలోనే ఉంది. గుల్లలు ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో దంచి మైదా జల్లెడ పట్టాలి, మాస్క్ కంపల్సరీ. కలిపే ముందు ఓవెన్‌లో 110 దగ్గర రెండు గంటలు ఉంచాలి, తడి మిగిలితే ఆవిరై పలక నిండా బుడగలు. బరువులో 30 శాతం పొడి బాగా కుదిరింది, పొడి బరువెక్కువ కాబట్టి చోటు లెక్కన అది 13 శాతమే. 50 వేస్తే కింద పడగానే ముక్కలు. ప్లాస్టిక్, పొడి పొరలుగా వేసి కరిగించి, మందం గ్లౌజులతో పరోటా పిండిలా మడతలేసి, మళ్లీ ఓవెన్‌లో పెట్టి, స్టీల్ అచ్చులో వేసి సీ క్లాంప్ (మర తిప్పి బిగించే ఇనప పట్టు) బిగించాలి, చల్లారేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుంటుంది, మధ్యమధ్యలో ఇంకా బిగిస్తూ ఉండాలి. ఉత్త డబ్బాల పలక వంకర పోయింది, పొడి కలిపింది చదునుగా ఉంది.

ఇది మట్టిలో కలిసిపోయే సరుకు కాదు, పాత సామాన్ల వాళ్లు కూడా తీసుకోరేమో, అందుకే ఎక్కువ కాలం వాడే కుండీ స్టాండ్లకే పెడుతున్నా, కంచాలకి కాదు. ఈసారి పొడికి 1 శాతం స్టియరిక్ యాసిడ్ (మైనంలాంటి కొవ్వు పదార్థం) పట్టిస్తాను, అప్పుడు పొడి ప్లాస్టిక్‌లో ఉండ కట్టకుండా కలుస్తుంది. కొవ్వొత్తుల సామాను అమ్మే చోట అడిగితే ఇస్తారు.